ఇంటికి కలర్ ఫొటో ప్రింటరు: ఏది కొనాలి, ఎలా చూసి కొనాలి

ఫొటో ప్రింటరు కావాలని షాపులో అడిగితే ముందు వినిపించే మాట డీపీఐ, అంటే ఒక్కో అంగుళంలో ఎన్ని చుక్కలు పడతాయన్న లెక్క. 5760 బై 1440 అని డబ్బా మీద కూడా పెద్దగా రాసి ఉంటుంది, ఆ అంకె ఎంత పెద్దదైతే ఫొటో అంత బాగా వస్తుందని అనుకుంటాం. ఇంటి వాడకానికి మాత్రం ఆ అంకెని చివర చూసినా చాలు. ముందు తేల్చుకోవాల్సింది మీరు ఎంత తరచుగా ప్రింట్లు తీస్తారన్నది. ఎందుకంటే మన ఇళ్లల్లో ఇంక్‌జెట్ ప్రింటర్లు అరిగిపోయి మూలపడవు, వాడకుండా వదిలేస్తే లోపల ఇంకు ఎండి మూలపడతాయి, అందులోనూ రోహిణి కార్తె ఎండలకి ఆ పని ఇంకా తొందరగా అవుతుంది.

అందుకే ఈ గైడ్‌లో మోడళ్ల దగ్గర మొదలుపెట్టట్లేదు, మీ వాడకం దగ్గర మొదలుపెడుతున్నాను.

1. ముందు మీ లెక్క తేల్చుకోండి

గత ఏడాది మీరు ఎన్ని ఫొటోలు ప్రింట్ వేయించారో గుర్తు తెచ్చుకోండి. వేయించాలనుకున్నవి వద్దు, నిజంగా వేయించినవి మాత్రమే.

ఏడాదికోసారి, అదీ బారసాలకో పెళ్లిరోజుకో ఒక వంద ఫొటోలు ఆల్బమ్‌కి కావాలంటే ప్రింటరు కొనకండి. మంచి కలర్ ల్యాబ్‌కి ఇవ్వండి. ల్యాబుల్లో ఇంకు చల్లరు, ఫొటో కాగితం మీద కాంతి పడేలా చేసి రసాయనాల్లో కడుగుతారు, అంటే ఫిల్మ్ రోజుల్లో వాడిన పద్ధతే, కాకపోతే ఇప్పుడు నెగెటివ్ బదులు ఫైల్ ఉంటుంది. ఆ నాణ్యత, ఆ మన్నిక అంత తక్కువ ధరకి ఇంట్లో రావడం కష్టం.

రెండు మూడు నెలలకోసారి, తీస్తే ఓ పదో ఇరవయ్యో, అన్నీ 4×6 అంగుళాల సైజే అయితే మీకు కావాల్సింది ఇంక్‌జెట్ కాదు, డై సబ్లిమేషన్ ప్రింటరు. దాని సంగతి కింద వివరంగా చెప్తాను.

ప్రతి వారం ఏదో ఒక ప్రింటు పని పడేవాళ్లు, అంటే పిల్లల ప్రాజెక్టుకి స్వాతంత్ర్య సమరయోధుల బొమ్మలు, పాస్‌పోర్ట్ ఫొటోలు, అప్లికేషన్ ఫారాలు, మధ్యమధ్యలో ఇంటి ఫొటోలు, అలాంటివాళ్లు ఇంక్ ట్యాంక్ ప్రింటరు, అంటే సీసాలతో ఇంకు నింపుకునే ఇంక్‌జెట్, తీసుకోవచ్చు. వారానికో ప్రింటైనా పడితే దాని ఆరోగ్యం కూడా బాగుంటుంది.

ఇక కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లు, ఏ4 సైజులో తీసి పటం కట్టించి గోడకి పెట్టుకునేవాళ్లు ఉంటారు. వీళ్లకి ఆరు రంగుల ప్రింటరు అవసరం, నాలుగు రంగులదానితో సరిపెట్టుకుంటే ఆరు నెలల్లో విసుగొస్తుంది.

2. యంత్రాల్లో రకాలు

కలర్ లేజర్ సంగతి ముందే తేల్చేద్దాం. ఆఫీసు కాగితాలకి చాలా మంచిది, ఫొటోలకి పనికిరాదు. ముఖాల్లో రంగు మెత్తగా కలవదు, చుక్కల వల కనిపిస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇంక్‌జెట్ కోసం చేసిన గ్లాసీ పేపరుని లేజర్ ప్రింటర్లో ఎప్పుడూ పెట్టకండి, లోపల టోనరుని, అంటే రంగు పొడిని, కరిగించే రోలర్ వేడికి ఆ పూత కరిగి అతుక్కుంటే రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు.

అరచేతిలో పట్టే జింక్ ప్రింటర్లు, అంటే ఇంకే లేకుండా కాగితంలోనే రంగు స్ఫటికాలు ఉండి వేడికి రంగు తేలేవి, పిల్లలకి పుట్టినరోజు కానుకగా బాగుంటాయి. 2×3 అంగుళాల స్టిక్కరు, రంగులు కొంచెం వెలిసినట్టు ఉంటాయి. ఆల్బమ్ కోసం ఇది కొంటే నిరాశే.

డై సబ్లిమేషన్. మన దగ్గర ఎక్కువగా తెలిసింది కానన్ వాళ్ల సెల్ఫీ సీపీ1300, సీపీ1500. చిన్న పెట్టె, లోపల రంగు పూసిన రిబ్బన్, వేడికి ఆ రంగు కాగితం మీదకి ఎక్కుతుంది. కాగితం నాలుగు సార్లు ముందుకీ వెనక్కీ వెళ్తుంది: పసుపు, మెజెంటా (ముదురు గులాబీ), సయాన్ (ఆకాశ నీలం), చివర్లో పారదర్శకమైన పైపూత. ఆ పూత వల్ల ఫొటో మీద నీళ్లు పడినా తుడిచేసుకోవచ్చు. దీని డీపీఐ కేవలం 300. అయినా చూడ్డానికి చుక్కలే కనపడవు, ఎందుకంటే ఒక్కో చుక్కలో ఒక్కో రంగు 256 స్థాయిల్లో పడుతుంది, ఇంక్‌జెట్ లాగా చిన్న చిన్న చుక్కల్ని దూరంగానో దగ్గరగానో చల్లి కంటిని నమ్మించాల్సిన పని లేదు. డీపీఐని నమ్ముకుని కొనకండి అన్నది ఇందుకే.

అన్నిటికన్నా పెద్ద లాభం, ఇందులో ఎండిపోవడానికి తడి ఇంకు లేదు, మూసుకుపోవడానికి నాజిల్, అంటే ఇంకు చిమ్మే సన్నటి రంధ్రం, లేదు. నాలుగు నెలలు బీరువా మీద పెట్టి దించినా మొదటి ప్రింటు సరిగ్గానే వస్తుంది. ఖర్చు లెక్క కూడా తేలిక: రిబ్బను, కాగితాలు కలిపి ఒకే ప్యాకెట్‌లో అమ్ముతారు, 108 ఫొటోల ప్యాకెట్ ధరని 108తో భాగిస్తే అదే మీ ఫొటో ఖర్చు, దాచిన ఖర్చంటూ ఏదీ లేదు.

కొనేముందు దీని లోపాలు కూడా తెలుసుకోవాలి. పోస్ట్‌కార్డ్ సైజు అసలు కొలత 148×100 మిల్లీమీటర్లు, అంటే 4×6 కన్నా ఒక పిసరు చిన్నది, 4×6 ఫ్రేములో పెడితే కొంచెం వదులుగా ఉంటుంది. ప్రింటయ్యేటప్పుడు కాగితం వెనకవైపుకి కూడా బయటికి వస్తుంది కాబట్టి గోడకి ఆనించి పెట్టకూడదు. దుమ్ము పడితే ఫొటోలో తెల్ల చుక్కలు వస్తాయి. ఇంకోటి చాలామందికి తెలియదు: వాడేసిన రిబ్బన్ మీద మీ ఫొటోల నెగెటివ్ లాంటి బొమ్మ మిగిలే ఉంటుంది, చెత్తలో వేసేముందు కత్తిరించి వేయండి.

ఇంక్‌జెట్. ఇందులో కార్ట్రిడ్జ్‌వి, ట్యాంకువి. కార్ట్రిడ్జ్ ప్రింటరు ధర చూసి మురిసిపోయి కొంటే, రెండుసార్లు కార్ట్రిడ్జ్‌లు మార్చేసరికి ఆ డబ్బుకి ఇంకో ప్రింటరు వచ్చేదే అనిపిస్తుంది. ఫొటోలకి ఇంకు ఎక్కువ పడుతుంది కాబట్టి ట్యాంకు తీసుకోండి. ఎప్సన్ ఎల్ సీరీస్, కానన్ జి సీరీస్, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్ ఈ రకమే. అన్నీ సీసాలతో నింపుకునేవే, కానీ ఫొటోల దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకటి కావు, అసలు తేడా అంతా లోపల పోసే ఇంకులో ఉంటుంది.

3. ఇంకు గురించి షాపువాళ్లు చెప్పనివి

ఇంకు రెండు రకాలు. డై ఇంకు అంటే నీళ్లలో పూర్తిగా కరిగిన రంగు, గ్లాసీ కాగితం మీద మెరుపుగా, లోతుగా కనిపిస్తుంది. పిగ్మెంట్ ఇంకు అంటే సన్నటి రంగు రేణువులు నీళ్లలో తేలుతూ ఉండేది, తడికీ వెలుతురికీ ఎక్కువ తట్టుకుంటుంది, మామూలు కాగితం మీద అక్షరాలు ఎంతో నల్లగా వస్తాయి.

చవకరకం నాలుగు రంగుల ట్యాంకు ప్రింటర్లు చాలావాటిలో మూడు రంగులు డై, నలుపు మాత్రం పిగ్మెంట్. అక్షరాలకి అది వరం. ఫొటోకి వచ్చేసరికి మాత్రం గ్లాసీ కాగితం మీద ఆ పిగ్మెంట్ నలుపు సరిగ్గా నిలవదు కాబట్టి ప్రింటరు దాన్ని పక్కనపెట్టి, మిగతా మూడు రంగుల్ని కలిపి నలుపు తయారుచేస్తుంది. అందుకే జుట్టు, నల్ల కోటు, రాత్రి ఆకాశం లాంటివి ముదురు గోధుమ రంగులోకో ఆకుపచ్చలోకో పోయినట్టుంటాయి. అన్ని రంగులూ డై అయినవి, ఉదాహరణకి ఎప్సన్‌లో 003 నంబరు ఇంకు వాడే ఎల్3210, ఎల్3250 లాంటివి, ఈ ఒక్క విషయంలో ఫొటోకి నయం, దానికి బదులుగా మామూలు కాగితం మీద ప్రింటు తడిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. మీ ఇంట్లో ఏది ఎక్కువో మీరే చూసుకోవాలి.

ఆరు రంగులంటే ఏమిటి? ఎప్సన్ ఎల్8050లో మామూలు నాలుగుతో పాటు లేత సయాన్, లేత మెజెంటా ఉంటాయి. కానన్ జి570, జి670లో ఎరుపు, బూడిద రంగు కలిపారు. రెండు కంపెనీలవీ వేరు వేరు దారులు. లేత రంగులు ఉంటే ముఖంలో చెంప మీద వెలుగు నుంచి నీడకి మారే చోట, తెల్లవారుజాము ఆకాశంలో, గరుకు లేకుండా మెత్తగా వస్తుంది. బూడిద రంగు ఉంటే బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు రంగు తేలకుండా వస్తాయి, ఎరుపు వల్ల కుంకుమ, పట్టుచీరల ఎరుపులు నిండుగా ఉంటాయి. తాతగారి కాలం నాటి ఫొటోలు స్కాన్ చేసి మళ్లీ తీసేవాళ్లయితే ఆ బూడిద ఇంకు గురించి ఆలోచించండి, మరీ ముఖ్యంగా జి670లో స్కానరు కూడా ఉంది. ఎల్8050లో స్కానరు లేదు, కానీ పీవీసీ కార్డుల మీద నేరుగా ప్రింటు చేస్తుంది, జెరాక్స్ షాపుల్లో దాన్ని ఇష్టపడేది అందుకే.

పది ఇంకుల పిగ్మెంట్ ప్రింటర్లు కూడా ఉన్నాయి, కానన్ ప్రో-300 లాంటివి. ఫొటోలు అమ్ముకునేవాళ్లకీ ఎగ్జిబిషన్లు పెట్టేవాళ్లకీ తప్ప ఇంటికి అవి ఏనుగుని పెంచినట్టే.

4. సైజు, అంచులు, కాగితం దారి

4×6కి అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున లెక్కేస్తే 1200×1800 పిక్సెళ్లు చాలు, అంటే 2 మెగాపిక్సెళ్లకి కొంచెం ఎక్కువ. ఏ4కి 2480×3508, దాదాపు 8.7 మెగాపిక్సెళ్లు. 12 మెగాపిక్సెళ్ల ఫోను దేనికైనా సరిపోతుంది. సమస్య ఫోనుతో కాదు, వాట్సాప్‌తో. మామూలుగా పంపితే ఫొటో నలిగి చిన్నదైపోతుంది, ఏ4లో తీస్తే ముఖాలు మైనం బొమ్మల్లా వస్తాయి. బంధువుల దగ్గర్నుంచి ఫొటో తెప్పించుకుంటే డాక్యుమెంటుగా పంపమనండి.

ఫోను ఫొటోలు 4:3 ఆకారంలో ఉంటాయి, 4×6 కాగితం 3:2. అంచులు లేకుండా నింపాలంటే పొట్టివైపు కొంత కోత పడక తప్పదు. గ్రూపు ఫొటోలో పైన తలలు, కింద కూర్చున్న పిల్లల కాళ్లు పోయేది ఇక్కడే. ప్రింటుకి ముందు మీరే 3:2కి క్రాప్ చేసుకోండి, యంత్రానికి వదిలేయకండి.

బోర్డర్‌లెస్ అని రాసి ఉంటే ఏ సైజు వరకో అడగండి. చవక మోడళ్లు కొన్నిట్లో అది 4×6 వరకే, ఏ4లో చుట్టూ తెల్ల అంచు వదులుతాయి. ఇంకో మెలిక ఏమిటంటే బోర్డర్‌లెస్‌లో ప్రింటరు బొమ్మని కొద్దిగా పెద్దది చేసి అంచులు దాటిస్తుంది, లేకపోతే ఓ పక్క తెల్ల గీత మిగులుతుంది. కాబట్టి పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, అమెరికా వీసాకి అడిగే 2 అంగుళాల చదరం ఫొటోలు బోర్డర్‌లెస్‌లో తీయకండి, కొలత మారిపోతుంది. 35×45 మిల్లీమీటర్లవి అయితే 4×6 కాగితాన్ని అడ్డంగా పెట్టి, అంచులు వదిలి కూడా ఎనిమిది సర్దవచ్చు.

కాగితం ఎటునుంచి వెళ్తుందో చూడండి. వెనకనుంచి పెట్టేది అయితే మందపాటి కాగితం దాదాపు నిటారుగా దిగుతుంది. ముందు ట్రేలో పెట్టేది అయితే లోపల యు ఆకారంలో మలుపు తిరగాలి, 270, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములు అన్న లెక్క) ఉన్న మందపాటి కాగితం అక్కడ వంగుతుంది, ఒక్కోసారి ఇరుక్కుంటుంది. ఫొటోలకైతే వెనకనుంచి పెట్టేదే నా ఓటు.

5. షాపులో పరీక్ష

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల షాపులుండే సీటీసీలో అయినా, మీ ఊరి షాపులో అయినా, డెమో ప్రింటు అడగండి. వాళ్లు కంపెనీ ఇచ్చిన చిలకల బొమ్మ, పండ్ల బొమ్మ తీసి చూపిస్తారు. అవి ఏ ప్రింటర్లోనైనా బాగానే వస్తాయి. పెన్‌డ్రైవ్‌లో మీ ఫొటోలు పట్టుకెళ్లండి:

- ఇంట్లోవాళ్ల ముఖం దగ్గరగా ఉన్నది, ఫ్లాష్ లేకుండా తీసింది
- నల్ల జుట్టు, ముదురు రంగు బట్టలు ఎక్కువగా ఉన్నది
- జరీ పట్టుచీర, లేదా బంగారు నగలు
- ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో

ఈ చివరిదాన్ని మాత్రం మానకండి. నాలుగు రంగుల ప్రింటరు గుట్టు అందులోనే బయటపడుతుంది, బూడిద రంగు గులాబీలోకో పచ్చలోకో తిరుగుతుంది. షాపు లైటు కింద ఒకసారి, బయటికొచ్చి పగటి వెలుతురులో ఇంకోసారి చూడండి, రెండుచోట్లా ఒకేలా ఉంటే మంచి ప్రింటరే. జరీలో దారాల గీతలు విడివిడిగా కనిపించాలి, పసుపు ముద్దలా కాదు. ముఖాన్ని మామూలుగా ఫొటో పట్టుకునే దూరంలో చూడండి, భూతద్దం పెట్టకండి.

డెమో ఇవ్వం అని వాళ్లంటే? ఆ మోడల్ వాడుతున్న స్టూడియోనో జెరాక్స్ షాపో వెతికి, డబ్బులిచ్చి ఒక ప్రింటు తీయించుకోండి. పదో పాతికో పోతుంది.

6. నిజమైన ఖర్చు

ధరలు నెలకోలా ఉంటాయి కాబట్టి లెక్క కట్టే పద్ధతి చెప్తాను. డబ్బా మీద 7,500 కలర్ పేజీలు అని ఉంటే అవి ఫొటోలు కావు, చాలావరకు తెల్లగా ఉండే ఆఫీసు పేజీలు. ఫొటోలో కాగితమంతా రంగే. కాబట్టి ఆ అంకెని ఫొటోలకి వాడుకోకండి. కంపెనీ 4×6 ఫొటోల లెక్క విడిగా ఇచ్చి ఉంటే అది చూడండి, పైగా మొదటి సెట్టు సీసాల్లో కొంత ఇంకు గొట్టాలు నిండడానికే పోతుంది, దాన్ని లెక్కలో కలపకండి.

ట్యాంకు ప్రింటర్లో 4×6 ఫొటోకి ఒక మిల్లీలీటరు ఇంకు కూడా పట్టదు, అసలు ఖర్చు కాగితానిది. ఇక్కడే చాలామంది పొదుపు చేయబోతారు. చవక గ్లాసీ కాగితం కొత్తలో బాగానే మెరుస్తుంది, కానీ డై ఇంకుతో గాలికి వదిలేస్తే కొన్ని నెలల్లోనే రంగు దిగుతుంది. పిల్లల చార్టుల మీద అతికించే బొమ్మలకి అది చాలు, దాచుకునే ఫొటోలకి మాత్రం ప్రింటరు కంపెనీ కాగితమో, ఆర్‌సీ అని రాసి ఉన్న రెసిన్ పూత కాగితమో వాడండి.

లీటరు బాటిళ్లలో దొరికే వేరే ఇంకుల సంగతి ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. రోజుకి వందల ప్రింట్లు తీసే షాపుకి దాని లెక్క వేరు. ఇంట్లో ఏడాదికి ఒక సెట్టు సీసాలే అయిపోవు, మిగిలేది ఎంత? రంగు తేడా, ఇంకు చిమ్మే హెడ్ మూసుకుపోయే భయం, వారంటీ గొడవ దానికి తోడు.

7. మిగతా సంగతులు, త్వరగా

ఇంటి ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. రౌటరులో రెండు బ్యాండ్లూ (2.4, 5 గిగాహెర్ట్జ్) ఒకే పేరుతో ఉంటే ప్రింటరు కనెక్ట్ కాక టెన్షన్ పెడుతుంది, పేర్లు విడదీయండి.

హెడ్ సంగతి అడగండి. కానన్ జి సీరీస్‌లో చాలా మోడళ్లకి హెడ్‌ని మనమే తీసి కొత్తది పెట్టుకోవచ్చు. ఎప్సన్‌లో హెడ్ ప్రింటర్లోనే బిగించి ఉంటుంది, మన్నిక ఎక్కువే, కానీ పోతే సర్వీసు సెంటరుకి మోయాల్సిందే. మీ ఊళ్లో ఆ కంపెనీ సర్వీసు సెంటరు లేకపోతే ఎంత మంచి మోడలైనా రెండుసార్లు ఆలోచించండి. వారంటీ చాలాసార్లు ఏడాది లేదా ఇన్ని పేజీలు, ఏది ముందైతే అది అని ఉంటుంది, ఆ పేజీల అంకె చదవండి.

పాత ఫొటోలు స్కాన్ చేయాలనుకుంటే స్కానరు ఉన్నదే తీసుకోండి. 600 డీపీఐలో చేస్తే రెట్టింపు సైజుకి పెంచుకోవచ్చు. అయితే ఈ ప్రింటర్లలో ఉండే సన్నటి స్కానర్లకి గాజుకి ఆనుకున్నదే స్పష్టంగా కనిపిస్తుంది, వంకర తిరిగిన పాత ఫొటోని రెండు రోజులు బరువైన పుస్తకాల కింద పెట్టి చదును చేశాకే స్కాన్ చేయండి.

8. ఇంటికి తెచ్చాక

ఒకసారి ట్యాంకులు నింపాక ప్రింటరుని పక్కకి వాల్చకండి, తలకిందులు అసలే వద్దు. ఇల్లు మారేటప్పుడు మూతలు బిగించి, నిటారుగా, మీ చేతిలోనో కాళ్ల దగ్గరో పెట్టుకుని వెళ్లండి. ట్యాంకులో ఇంకు కింది గీత దాటి పోనివ్వకండి, గొట్టాల్లోకి గాలి వెళ్తే తీయించడం పెద్ద పని.

ఆపేటప్పుడు ముందు ప్రింటరు మీద బటన్ నొక్కి, లైటు ఆరాకే గోడ స్విచ్ తీయండి. బటన్ నొక్కినప్పుడే హెడ్ వెళ్లి తన మూత కింద కూర్చుంటుంది, నేరుగా స్విచ్ తీసేస్తే ఎక్కడున్నది అక్కడే ఆగి ఎండిపోతుంది. కరెంటు పోయి ఆగిపోతే, వచ్చాక ఒకసారి ఆన్ చేసి పద్ధతిగా ఆపండి.

వారానికోసారి అన్ని రంగులూ ఉన్న చిన్న ప్రింటు తీయండి. గీతలు వస్తే నాజిల్ చెక్, తర్వాత ఒకటి రెండుసార్లు హెడ్ క్లీనింగ్. అయినా రాకపోతే రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ చూడండి, వరసగా పదిసార్లు క్లీనింగ్ కొడితే ఇంకంతా వేస్టు ప్యాడ్‌లోకి, అంటే వృథా ఇంకుని పీల్చుకునే మెత్తలోకి, పోతుంది, ప్యాడ్ నిండితే ప్రింటరు ఆగిపోతుంది.

ప్రింటు ఇచ్చేటప్పుడు పేపరు రకం సరిగ్గా ఎంచుకోండి. గ్లాసీ కాగితం పెట్టి సెట్టింగులో మామూలు కాగితం అని వదిలేస్తే రంగులు చచ్చిపోయి వస్తాయి, ప్రింటరు మంచిది కాదని తిట్టుకునేవాళ్లలో చాలామంది సమస్య ఇదొక్కటే. ఫొటో స్క్రీన్ మీదకన్నా చీకటిగా వచ్చిందంటే ఫోను బ్రైట్‌నెస్ ఎక్కువ ఉందన్నమాట, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూసి, అప్పుడు ఫొటోని సరిచేయండి.

పటం కట్టించే ఫొటో అయితే ప్రింటు తీసిన వెంటనే అద్దం కింద పెట్టేయకండి, ఒక రోజంతా ఆరనివ్వండి, లేకపోతే లోపలి తేమకి అద్దం మీద మసక పడుతుంది. ఫొటోకీ అద్దానికీ మధ్య సన్నటి అట్ట పెట్టమని ఫ్రేములవాడికి చెప్పండి, నేరుగా ఆనితే వానాకాలం ముసురుకి ఇంక్‌జెట్ ఫొటో అద్దానికి అంటుకుపోతుంది. ఎండ తగిలే గోడ మీద మాత్రం వద్దు.